అక్క పేరున్న గొట్టం

పదహారేళ్ళుగా నేనొక గొట్టాన్ని మోస్తున్నాను. చిటికెన వేలంత ఉంటుంది. ఊదారంగు మూత. లోపల ఒక చెంచాడు రక్తం. త్రాసులో వేస్తే ముల్లు కూడా కదలదు. నా మీద మాత్రం అది కొన్ని రోజులు పత్తి కుక్కిన బోరెమై, పెద్ద గోనెసంచంత బరువై కూచుంది.

కొన్ని రోజులే అంటున్నాను చూడండి. తప్పు దాచుకున్న మనిషికి నిద్ర పట్టదని, ముద్ద దిగదని అంటారు కదా. నాకు పట్టింది. దిగింది కూడా. ఆదోనిలో ఇల్లు కట్టుకున్నాం. కొడుకు డిప్లొమా పూర్తి చేశాడు. ఉగాదికి ఓళిగలు చేసి వీధంతా పంచుతాను. తప్పు చేసిన మనిషి ఇంత హాయిగా ఉండొచ్చా? ఉండొచ్చు, నేనే సాక్ష్యం. నా సిగ్గులో సగం ఆ తప్పు గురించి, మిగతా సగం ఈ హాయి గురించి.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే సాయంత్రం బస్సుకే కబురు ఎమ్మిగనూరు చేరుతుంది. నా పేరు అడక్కండి. మిగతాదంతా చెప్తాను.

మాది ఎమ్మిగనూరు. నేత ఇల్లు. నాన్నది గుంట మగ్గం, అన్నదీ అదే, అక్క పెళ్ళయి పక్క వీధికి వెళ్తే అక్కడా మగ్గమే. ముగ్గురిలో నేను చిన్నదాన్ని. అక్క నాకంటే ఏడేళ్ళు పెద్ద. ఆ గుంటలో కాళ్ళు పెట్టనని మొండికేసి, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, ఆదోనిలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో చేరాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. నొప్పి తెలియకుండా సూది గుచ్చుతానని నాకు పేరు. ఆ పేరంటే నాకు కాస్త పొగరు కూడా. ఇదంతా ఆ పొగరు దగ్గరే మొదలైంది.

మా వంశంలో ఒక కంటిజబ్బు ఉంది. చిన్నాయన పిల్లలిద్దరికీ వచ్చింది. పన్నెండో ఏట రేచీకటితో మొదలై, పక్కల నుంచి చూపు మూసుకుపోతూ వచ్చి, ముప్పై దాటేసరికి పోగు ఎక్కడ తెగిందో వేలితో తడుముకోవాల్సి వచ్చింది. చిన్నాయనది మేనరికం. ఆయన కళ్ళు బాగున్నాయి, పిన్ని కళ్ళూ బాగున్నాయి. మరి పిల్లలకెందుకు వచ్చింది? గ్రహణమన్నారు, శాపమన్నారు, ఎవరి నోటికొచ్చింది వాళ్ళన్నారు. పదహారేళ్ళ కిందట పట్నం నుంచి ఒక పరిశోధన బృందం వచ్చి అసలు కారణం చెప్పింది. ఒక జన్యువులో లోపముంది. మనకు ప్రతి జన్యువూ రెండేసి ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక్కదానిలోనే లోపముంటే ఏమీ కాదు, ఆ మనిషి దాన్ని ఊరికే మోస్తాడు, తనకే తెలియదు. అట్లా మోసేవాళ్ళిద్దరు పెళ్ళి చేసుకుంటేనే బిడ్డకు రెండూ లోపమున్నవి వచ్చే ప్రమాదం. ఎవరు మోస్తున్నారో తేలాలంటే ఇంటింటి రక్తం కావాలన్నారు.

మావాళ్ళకు సూదంటే భయం. నేను చెబితే వింటారని ఆ బృందం పెద్ద, మేము డాక్టరమ్మ అనేవాళ్ళం, నన్ను సాయానికి పెట్టుకుంది. మా ఇంటి గొట్టాలు మొత్తం తెస్తాను, ఒక్కటి కూడా తప్పదు అని ఆమెకు మాటిచ్చాను. ఎంత గొప్పగా చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అన్న ఇచ్చాడు. నేనిచ్చాను. అక్కే చివర. ఆ రోజు పొద్దున్నే ఎమ్మిగనూరు వెళ్ళాను. నేతగత్తె చెయ్యి పొడిస్తే పని ఏం కావాలని గొణిగింది, చివరికి చెయ్యి చాపింది. తీశాక ఆ గొట్టాన్ని మెల్లగా పదిసార్లు తలకిందులు చేయాలి, లేకపోతే అందులోని మందు కలవక రక్తం గడ్డకడుతుంది. ఆ ముక్క అక్కకు నేనే గొప్పగా చెప్పాను. అంతలో అక్క లోపల్నుంచి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి తెచ్చి నా ముందు పెట్టింది. గొట్టాన్ని స్టీలు గ్లాసులో నిలబెట్టి నేను తినడానికి కూర్చున్నాను. అక్క కూతురు గౌరి, అప్పటికింకా బడి పిల్ల, ఏదో చెప్పి నవ్వించింది. బజ్జి బ్రహ్మాండంగా ఉంది. గొట్టం సంగతి పూర్తిగా మర్చిపోయాను.

మర్నాడు ఆదోనిలో డాక్టరమ్మ ఒక్కో గొట్టం ఎత్తి చూస్తోంది. అక్కది చూసి, ఇది గడ్డకట్టింది, మళ్ళీ తేగలరా, మూడింటికి మా వ్యాను వెళ్ళిపోతుంది అంది. అప్పుడు పది గంటలు. ఎమ్మిగనూరు బస్సు గంట ప్రయాణం. పోయి రావచ్చు. బస్టాండుకి కూడా వెళ్ళాను. బస్సు మెట్టు మీద కాలు పెట్టాక గుర్తొచ్చింది, ఆ రోజు అక్క ఇంట్లో మగ్గానికి కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కిస్తున్నారు. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించిన రోజు మా ఇళ్ళల్లో పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తారు, ఆ రోజంతా ఇంట్లోంచి అగ్గిపుల్ల కూడా బయటికివ్వరు. ఇస్తే ఆ పడుగు పొడవునా పోగులు తెగుతూనే ఉంటాయని నమ్మకం. అలాంటి రోజు రక్తం అడగడమా? అక్క ఏమంటుందో నా చెవుల్లో వినపడింది. కాలు కిందికి దించాను.

నిజంగా ఆచారానికే భయపడ్డానా? కాదేమో. నువ్వు పదిసార్లు తిప్పాలంటివే, తిప్పలేదా అని అక్క అడుగుతుందని భయపడ్డాను. నొప్పి లేకుండా గుచ్చే మనిషి, రెండోసారి ఎందుకొచ్చినట్టు? నా పరువు.

ల్యాబుకి వెనక్కి వచ్చాను. లోపలి గదిలో రబ్బరు పట్టీని పళ్ళతో లాగి కట్టుకుని, నా ఎడమ చేతి నుంచి నేనే తీసుకున్నాను. ఈసారి పదిసార్లు తిప్పాను. ఆ గొట్టం మీద అక్క పేరు రాశాను.

అప్పుడు నా మనసుకు నేను ఏం చెప్పుకున్నానో తెలుసా? ఒక తల్లి కడుపున పుట్టాం, ఒకే రక్తం, గ్రూపు కూడా ఇద్దరిదీ ఒకటే, ఇక ఎవరి చేతి నుంచి వస్తే ఏమిటి అని. రక్తపరీక్షల కోర్సు చదివిన మనిషిని! మా అమ్మ, నానమ్మ, వీధిలో అందరూ ఒకే రక్తం ఒకే రక్తం అంటూంటే విని పెరిగాను. చదువు కంటే అదే లోతుగా దిగినట్టుంది. ఒకే తల్లిదండ్రులకు పుట్టినా ఏ బిడ్డకు ఏ జన్యువు వస్తుందో ఎవరికీ తెలియదు. అన్న మోయొచ్చు, నేను మోయొచ్చు, అక్క మోయకపోవచ్చు. ఆ పరీక్ష ఉన్నదే ఆ తేడా తెలుసుకోవడానికి. ఆ తేడాని నేనే తుడిచేశాను.

నాలుగేళ్ళకు ఫలితాలు వచ్చాయి. అన్న మోస్తున్నాడు. నేను మోస్తున్నాను. అక్క కూడా మోస్తోందని రాసి ఉంది. ఆ కాగితం చూడగానే ఇది నా ఫలితమే రెండుసార్లు వచ్చిందని నాకు అర్థమైంది. అక్కది ఏమిటో ఎవరికీ తెలియదు.

సరిగ్గా అప్పుడే అన్న కొడుకు శీనుకి, అక్క కూతురు గౌరికి తాంబూలాలు పుచ్చుకుని ఉన్నారు. చిన్నప్పటి నుంచి వాళ్ళిద్దరినీ మొగుడూ పెళ్ళాం అని అందరం ఆటపట్టించినవాళ్ళమే. పెళ్ళికూతురి చీర పెళ్ళికొడుకే నేయాలని మా ఇంట్లో ఒక ముచ్చట. శీను ఎర్ర చీరకు పచ్చ అంచు వేసి సగం దాకా నేశాడు. గౌరి ఏదో ఒక సాకుతో ఆ మగ్గం దగ్గరికి పోయి అంచు ఎంత దూరం వచ్చిందో చూసి వచ్చేది.

అక్క ఆ కాగితం పట్టుకుని ఆదోని వచ్చింది. ల్యాబు బయట బెంచీ మీద నా పక్కన కూర్చుంది. ఆ మాటలు నాకు పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఏమ్మే, నువ్వు రక్తాలు సూసేదానివి గదా. ఈ కాయితంలో ఉండేది నిజమేనా?"

నేను ఆ కాగితం వైపే చూస్తూ, "నిజమే అక్కా" అన్నాను.

"యాడన్నా గొట్టాలు కలిసిపోయింటే? ఒకరిది ఒకరికి రాసింటే?"

"కలవవు అక్కా. పేర్లన్నీ నేనే రాసినా."

"నువ్వే రాసింటే సరేలే" అంది.

అంతే. గొట్టం మార్చడం తప్పే. కానీ అది తొందరలో, భయంలో చేసింది. బెంచీ మీద చెప్పిన ఆ మాట తొందరలో చెప్పింది కాదు. నన్ను నమ్మి, సరిగ్గా నేను చేసిన పనినే పేరు పెట్టి అడిగిన మనిషికి చెప్పింది. మళ్ళీ ఒకసారి తీయించుకో అక్కా అంటే చాలు. ఆ నాలుగు మాటలు నా నోట్లోంచి రాలేదు. ఎందుకు రాలేదు? ఉద్యోగం పోతుందనా? అక్క తిడుతుందనా? ఇన్నేళ్ళూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

పిల్లలిద్దరికీ పరీక్ష చేయిస్తే తేలిపోతుంది, పెళ్ళి ఆపాల్సిన పనే ఉండకపోవచ్చు అని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. అక్క ఒప్పుకోలేదు. పిల్లకి ఉందని తేలితే బయట తెలిసిపోతాది, మల్లా దాన్ని ఎవరు చేసుకుంటారు అంది. తాంబూలాలు వెనక్కి ఇచ్చేశారు. అన్న నెలరోజులు అక్క గడప తొక్కలేదు. గౌరి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. శీను మాత్రం మగ్గం మీది చీర సగంలో వదల్లేదు. మూతి ముడుచుకునే పూర్తి చేసి, మడిచి, అక్క ఇంట్లో మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మరుసటి ఏడు గౌరికి బళ్ళారి సంబంధం కుదిరింది. పెళ్ళిలో గౌరి ఆ ఎర్ర చీరే కట్టుకుంది. అది శీను నేసిన చీరని మా వాళ్ళందరికీ తెలుసు. ఎవరూ ఒక్క మాట అనలేదు. శీను వచ్చి భోజనం చేసి, రెండోసారి పప్పు కూడా వేయించుకున్నాడు.

ఇప్పుడు గౌరికి ఇద్దరు పిల్లలు. బళ్ళారిలో మొగుడూ తానూ బట్టల కొట్టు నడుపుతున్నారు. అతను మంచివాడు, గౌరి కాస్త లావయింది, ఫోను చేస్తే కబుర్లు ఆపదు. శీనుకు ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల కొట్టు ఉంది, భార్య ఉంది, నాన్నా అంటూ వెంటపడే కొడుకున్నాడు. అందరూ బాగున్నారు. ఇదే నా చిక్కు. వాళ్ళు చెడిపోయి ఉంటే కాళ్ళ మీద పడేదాన్ని. బాగున్నవాళ్ళ దగ్గరికి పోయి మీకు అన్యాయం చేశానంటే ఏమవుతుంది? గౌరి ఇప్పుడున్న జీవితమే పొరపాటు అని చెప్పినట్టు కాదా? ఈ మాట అడ్డం పెట్టుకుని పన్నెండేళ్ళు నోరు మూసుకున్నాను. నిజమే అనిపించే సాకు అన్నిటికంటే చెడ్డది.

రెండు వారాల కిందట డాక్టరమ్మ ఫోన్ చేసింది. జుట్టు నెరిసిపోయి ఉంటుంది, గొంతు మాత్రం అదే. అప్పట్లో వాళ్ళు చూసింది ఆ జన్యువులో ఒక్క చోటే. చీర మొత్తంలో ఒక్క పోగు చూసినట్టు. ఇప్పుడు మనిషి జన్యువులన్నీ, మొత్తం జీనోము, ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివే యంత్రాలు వచ్చాయి. ఫ్రిజ్‌లో దాచిన పాత గొట్టాలన్నీ మళ్ళీ తీసి చదువుతున్నారట. కొన్ని రకాల కంటిజబ్బులకు మంచి జన్యువుని నేరుగా కంట్లోకి పంపే చికిత్స కూడా వచ్చిందని, మా రకానికి ఇంకా రాలేదని, వెతుకుతున్నామని చెప్పింది. చిన్నాయన పిల్లలు గుర్తొచ్చి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో ఉండగానే అడిగింది.

"ఒక చిన్న సందేహం. మీరూ మీ అక్కగారూ కవలలా?"

నాకు అర్థమైంది. రెండు గొట్టాలు, అక్షరం తేడా లేకుండా ఒకటే.

"అవునండీ" అన్నాను.

"ఫారంలో ఏడేళ్ళ తేడా ఉందే?"

"మా వైపు పుట్టినరోజులు ఎవరికి సరిగ్గా ఉంటాయండీ. ఆధార్‌లో కూడా తప్పే."

చూశారా, ఎంత చురుగ్గా వచ్చిందో! అక్క నా పెళ్ళిలో నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నంత పెద్దది. మేమిద్దరం కవలలం. డాక్టరమ్మ పాపం ఎంత సంబరపడిందో. అచ్చంగా ఒకే జన్యువులున్న కవలలు పరిశోధనకు చాలా విలువైనవాళ్ళని, తానే వచ్చి ఇద్దరినీ పక్కపక్కన చూస్తానని అంది. ఫోను పెట్టేశాక నాకు మొదట నవ్వొచ్చింది. ఏడేళ్ళు పెద్దదైన కవల! కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. తర్వాత ఆ నీళ్ళు ఆగలేదు. నా అబద్ధం ఇప్పుడు మా ఇంట్లోనిది కాదు. రేపు చిన్నాయన పిల్లల కళ్ళకు మందు వెతికేవాళ్ళ పుస్తకంలో అది నిజంలా కూర్చుని ఉంటుంది.

మూడో రోజు నేనే ఆమెకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. "అయితే మీ అక్కగారి ఫలితం మాకు ఇప్పటిదాకా తెలియనే తెలియదన్నమాట. అది ఆవిడకు తెలియాలి. మీరు చెప్తారా, నేను చెప్పనా?" అంది. నేనే చెప్తానన్నాను.

అక్కను పిలిచాను. మళ్ళీ రక్తం అడుగుతున్నారు, ఒకసారి రా అని మాత్రం అన్నాను. మొన్న బుధవారం వచ్చింది. వస్తూనే చెయ్యి చాపి, "నిన్ననే పడుగు అయిపోయె, కొత్తది ఎక్కిచ్చేది ఇంకా నాలుగు దినాలుంది, తీసుకో" అంది. ఆ మాట వినగానే సూది పక్కన పెట్టి చెప్పాను. గడ్డకట్టిన గొట్టం, బస్సు మెట్టు, నా చెయ్యి, తన పేరు, బెంచీ మీద నేను చెప్పిన మాట. వరసగా చెప్పలేదు, ముందువి వెనక, వెనకవి ముందు. అక్క నా మొహం చూడలేదు. తన మోచేతి వంపు చూసుకుంటూ కూర్చుంది.

"ఆ దినం నువ్వు ఉగ్గాని తింటా గొట్టం ఆడించల్యా. నేను సూసినా. సదువుకున్నదానివి, నీకు తెల్దా అని ఊరుకుంటి" అంది.

నేను బల్ల మీది దూది సర్దాను.

"మల్లా వచ్చి అడగలేకపోతివా?"

"ఆ పొద్దు పడుగు ఎక్కిస్తాంటివి గదక్కా."

"ఏమ్మే, నీకంటే నాకు పడుగు ఎక్కువైతుందా?"

పదహారేళ్ళుగా నేను ఊహించుకున్న తిట్లన్నిటికీ సిద్ధంగా ఉన్నాను. ఈ మాటకు సిద్ధంగా లేను.

క్షమించమని అడగలేదు. తనూ క్షమించానని అనలేదు. గౌరికి చెప్పాలా అని అడిగితే, "కాయితం రానీ. అది సూసి నిన్ను ఏం సేయల్లో అప్పుడు ఆలోచన సేస్తా" అంది. ఆ కాగితం ఇంకా రాలేదు. వచ్చేలోపే ఇది రాసేస్తున్నాను. అక్క కూడా మోస్తోందని తేలితే, నా అబద్ధం పొరపాటున నిజమే చెప్పినట్టవుతుంది, నేను తప్పించుకుంటాను. మోయడం లేదని తేలితే, ఏ కారణమూ లేకుండా ఒక పెళ్ళి చెడగొట్టాను. మొన్నటి నుంచి నా మనసు లోపల్లోపల అక్కకు ఉంటే బాగుండునని కోరుకుంటోంది. తోడబుట్టినదాని ఒంట్లో లోపం ఉండాలని! ఆ కోరికను పట్టుకున్నాను, మీకు చూపిస్తున్నాను. కాగితం ఏం చెప్పినా నేను చేసింది మాత్రం మారదు. ఇంత చెప్పాక నాకు తేలిగ్గా ఉంది. అబద్ధమెందుకు, చాలా తేలిగ్గా ఉంది.

ఆ బుధవారం అక్క చెయ్యి మళ్ళీ నా ముందు పెట్టింది. గుచ్చాను. నొప్పి తెలిసిందో లేదో, అడగలేదు. గొట్టం మీద అక్క పేరు రాసి, మూత బిగించి, మెల్లగా తలకిందులు చేయడం మొదలుపెట్టాను. అక్క దూదిని మోచేతిలో నొక్కుకుని, నా చేతుల వైపే చూస్తూ పైకి లెక్కపెట్టింది. ఎనిమిది దగ్గర నేను ఆపబోయాను.

"ఇంకా రెండు" అంది అక్క.